దూది చెవిన వేసిన మాటలు

మేస్త్రీ, ఆయన బావమరిది మాట్లాడుకోవడం మానేశాక ఆ వడ్రంగి దుకాణంలో అందరికంటే ఎక్కువ పని పడింది పిల్లిపిల్లకి.

దాని పేరు దూది. పేరుకి తగ్గట్టే ఒళ్ళంతా తెలుపు, కళ్ళు మాత్రం నీలం. ఎవరో గుమ్మం ముందు వదిలేసిపోతే మేస్త్రీ భార్య లోపలికి తెచ్చింది. ఏ వేళలో తెచ్చిందోగానీ సరిగ్గా ఆ వారమే మగవాళ్ళిద్దరికీ చెడింది. మొదట్లో ఆవిడే ఇద్దరి మధ్యా మాటలు మోసింది. "వాణ్ణి మేకులు తెమ్మను" అని ఈయన, "ఏ సైజువో అడుగక్కా" అని వాడు. ఒకే బల్లకి అటొకరు, ఇటొకరు నిలబడిన మనుషులకి మధ్యవర్తిత్వం చేసి చేసి ఆవిడకి విసుగొచ్చింది. "నాకింక వేరే పనీ పాటా లేదనుకున్నారా? మీ ఇద్దరూ ఏమైనా చావండి" అని తేల్చి చెప్పేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ సమయానికి బల్ల మీద కూర్చుని కాలు నాక్కుంటోంది దూది. బావమరిది దాని వైపు తిరిగి గొంతు సవరించుకున్నాడు.

"చూడమ్మా మేనకోడలా, ఏ సైజు మేకులు కావాలో మీ నాన్నగారిని అడిగి చెప్పు."

మేస్త్రీ తగ్గుతాడా? "తల్లీ, రెండంగుళాలవని మీ మామయ్య చెవిన వెయ్యి" అన్నాడు. అంతే, ఆ రోజు నుంచి దుకాణంలో ఏ మాటైనా దూది మీదుగా పోవలసిందే.

గొడవంతా ఒక అలమరా వల్ల. గోడలో వదిలిన ఖాళీలో పట్టేలా అలమరా చేసిపెట్టమని ఒక టీచరమ్మ అడిగింది. కొలతలకి బావమరిది వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి దుకాణంలో రంపం మిషను హోరెత్తిపోతోంది. వాడు గుమ్మంలోంచే "వెడల్పు డెబ్భై!" అని అరిచాడు. మేస్త్రీ తలూపాడు. తలూపి, నింపాదిగా తొంభై సెంటీమీటర్లకి కోశాడు. అలమరా తయారైంది, పాలిష్ కూడా పెట్టారు, నలుగురు మోసుకెళ్ళి టీచరమ్మ గదిలో దింపారు. అది గోడలోకి దూరితేగా! గది నడిమధ్యన, వచ్చి ఎంతకీ కదలని చుట్టంలా నిలబడిపోయింది.

"మావాడు తొంభై అన్నాడండీ" అన్నాడు మేస్త్రీ.

"డెబ్భై అన్నాను బావా."

"తొంభై అన్నావు. కొలవడం చేతకాకపోతే చేతకాదని చెప్పు."

పరాయి మనిషి ఎదుట అనేశాడు ఆ మాట. నిక్కర్లు తొడుక్కునే వయసులో దుకాణానికొచ్చి, చెక్కపొట్టులో దొర్లుతూ పని నేర్చుకున్నవాణ్ణి పట్టుకుని కొలవడం చేతకాదనడం ఏం న్యాయం? బావమరిది టేపు చుట్టి జేబులో వేసుకుని బయటికి నడిచాడు. ఆ తర్వాత బావతో నేరుగా ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

అసలు సంగతి మేస్త్రీకి ఒక్కడికే తెలుసు. వాడు డెబ్భై అనే అని ఉంటాడు. వినబడనిది తనకే. కొంతకాలంగా ఎడమ చెవి మొరాయిస్తోంది. ఇన్నేళ్ళు రంపం పక్కన నిలబడితే చెవులు పదునెక్కుతాయా ఏమన్నానా! ఎవరేం చెప్పినా పెదాలు చూసి సగం ఊహించడం, మిగతా సగానికి తలూపడం, అలా నెట్టుకొస్తున్నాడు. మేస్త్రీకి చెవుడని నలుగురికీ తెలిస్తే ఇంకెవరైనా పని చెబుతారా అని ఆయన బెంగ. అందుకే తప్పు తీసుకెళ్ళి బావమరిది నెత్తిన రుద్దాడు. రుద్దినందుకు లోపల్లోపల కుమిలిపోతూనే ఉన్నాడు. పైకి మాత్రం మీసం దించడు.

ఇలా సాగుతుండగా ఒకరోజు బావమరిది దూదిని ఎత్తుకుని, బావకి ఎదురుగా వచ్చి మరీ నిలబడ్డాడు.

"కోడలు పిల్లా, మీ నాన్నగారికి చెప్పు. పెద్దవీధిలో ఫర్నిచర్ షోరూం వాళ్ళు నన్ను రమ్మంటున్నారు. వచ్చే సోమవారం నుంచి అక్కడికి పోతున్నాను. వాళ్ళు ఒకరి మీద ఒకరు నిందలు వేసుకోరట."

ఈసారి మేస్త్రీకి ప్రతి అక్షరమూ వినబడింది. వినబడకపోయినా బాగుండేదనిపించింది.

"మంచిదని చెప్పమ్మా" అన్నాడు దూదితో. అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాడు. ఏం లాభం, మాట నోరు దాటేసింది.

ఆ సాయంత్రమే మేస్త్రీ భార్య దుకాణంలోకి వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. రంపం మిషను అప్పుడే ఆపారు, ఇంకా మూలుగుతూ తిరుగుతోంది.

"శనివారం దూదిని జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. ఒళ్ళంతా చూసి టీకా వేస్తారట. ఫోన్ చేసి అన్నీ కనుక్కున్నాను. మొదటిసారి కదా, బెదిరిపోకుండా ఇప్పట్నుంచే అలవాటు చేయమన్నారు. రోజూ దాని చెవులూ, కాళ్ళూ, నోరూ పట్టుకుని చూస్తుండాలి. తీసుకెళ్ళడానికి గాలాడే పెట్టె ఉండాలి. పెట్టెలో ఇంటి వాసన పట్టిన పాత గుడ్డ ఒకటి వెయ్యాలి."

మేస్త్రీకి 'పాత గుడ్డు' అని వినబడింది. గుడ్డా! అని ఒక్క క్షణం తెల్లబోయాడు. మళ్ళీ అడుగుదామంటే చెవి సంగతి బయటపడుతుంది. డాక్టర్లు ఊరికే చెప్పరు కదా, పాత గుడ్డు వాసనకి పిల్లులు నెమ్మదిస్తాయేమో, మనకేం తెలుసు అని సర్దిచెప్పుకున్నాడు. అలవాటు ప్రకారం తలూపాడు.

మర్నాడు బావమరిది పెట్టె పని మొదలుపెట్టాడు. మేస్త్రీ ఊరుకుంటాడా? బల్లకి ఆ చివర ఆయనా మొదలుపెట్టాడు. ఒకరు చేసేది ఒకరు చూడనట్టు నటిస్తూ, ఓరకంట చూసుకుంటూ, పిడికెడంత ప్రాణానికి రెండు భవనాలు లేపారు. బావమరిదిది పలచటి ప్లైవుడ్ పెట్టె, చిటికెన వేలితో ఎత్తొచ్చు. కానీ చేతులు ఊరుకోక దానికి లోపలా బయటా వార్నిష్ కొట్టాడు. దూదిని అందులో దింపగానే అది వరసపెట్టి తుమ్మి, ఒక్క గెంతులో బయటపడి బీరువా మీదెక్కి కూర్చుంది. మేస్త్రీ భార్య ముక్కు మూసుకుని ఆ పెట్టెని పెరట్లో పారేసింది.

మేస్త్రీ పెట్టె టేకుది. ఒక్క మేకు లేదు, మూలలన్నీ ఒకదాన్లో ఒకటి దూరి బిగుసుకున్నాయి. గాలికోసం వేసిన చిల్లులు పువ్వుల్లా ఉన్నాయి. ముందొకటి, వెనకొకటి ఇత్తడి పిడులు. దూది లోపలికి వెళ్ళి, రెండు చుట్లు తిరిగి, సొంత ఇల్లులా పడుకుంది. మేస్త్రీ ఛాతీ ఉప్పొంగింది. ఆయన భార్య పెట్టె ఎత్తబోయింది. అది కదల్లేదు.

"ఇందులో పిల్లిని పెడతారా, ఏనుగుని పెడతారా?"

"బరువు లేనిది చెక్కెలా అవుతుందే?"

"మీరొక్కరే మోస్తారా మరి?"

మేస్త్రీ ఎత్తి చూశాడు. నడుం కలుక్కుమంది. ఆ మాట పైకి అనలేదుగానీ మొహం అనేసింది.

"అయితే ముందొకరు, వెనకొకరు పట్టుకుని ఇద్దరూ తీసుకెళ్ళండి. దుకాణం నేను చూసుకుంటాను" అంది ఆవిడ. ఆ మాటన్నప్పుడు ఆవిడ మొహంలో నవ్వు మచ్చుకైనా లేదు. అనుమానించాల్సింది అక్కడే, కానీ ఇద్దరూ మూతులు ముడుచుకునే హడావుడిలో ఉన్నారు.

అలవాటు చేసే పని ఇద్దరూ వంతులు వేసుకున్నారు. బావమరిది "ఆ... అనమ్మా" అని దాని నోరు తెరవబోయి వేలు కరిపించుకున్నాడు. కాళ్ళు పట్టుకుంటే గోళ్ళు దించింది. చెవులు మాత్రం ఎంతసేపు పట్టుకున్నా ఏమీ అనేది కాదు. అసలు దాని ధైర్యమంటే ఇద్దరికీ గర్వమే. రంపం మిషను గీ పెడుతుంటే ఆ బల్ల చివరే హాయిగా నిద్రపోయేది. "వడ్రంగి బిడ్డ కదా!" అని మేస్త్రీ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు.

శుక్రవారం బావమరిది భోజనానికి లేచాక మేస్త్రీ దూదిని ఒళ్ళోకి తీసుకుని తలుపు వైపు ఓసారి చూసుకున్నాడు. దాని చెవి పట్టుకుని, పరీక్ష చేస్తున్నట్టు వంగి, గుసగుసగా అన్నాడు.

"తప్పు నాదేనమ్మా. వాడు సరిగ్గానే చెప్పాడు, నాకే వినబడలేదు. వాడు వెళ్ళిపోతే ఈ దుకాణంలో నాకు పొద్దుపోదు. పోవద్దని చెప్పవే. నా మాటగా చెప్పకు, నీ మాటగా చెప్పు."

దూది నీలి కళ్ళతో ఆయన్ని చూసి పెద్దగా ఆవలించింది. ఒప్పుకుందన్నట్టే తీసుకున్నాడు ఆ పెద్దమనిషి. నవ్వకండి, మాట పోయేందుకు వేరే దారి లేనప్పుడు మనిషి దేన్నయినా నమ్ముతాడు. సాయంత్రం దాకా బావమరిది మొహంలో జవాబు కోసం దొంగచూపులు చూస్తూనే ఉన్నాడు. వాడు మాత్రం తన ఉలులన్నీ ఒక్కొక్కటే తుడిచి సంచిలో సర్దుకున్నాడు. మేస్త్రీకి మంట పుట్టింది. ఇంతగా బతిమాలినా కరగడా వీడు, అని.

శనివారం పొద్దున్నే దూదిని పెట్టెలో పెట్టారు. నిన్న ఉడకబెట్టి దాచిన కోడిగుడ్డు ఒకటి మేస్త్రీ ఎవరూ చూడకుండా లోపల వేశాడు. పచ్చిది పగిలిపోతుందని, పాతది కావాలన్నారని, పనివాడి ముందుచూపుతో చేసిన ఏర్పాటది.

బావమరిది ముందు పిడి పట్టుకున్నాడు, మేస్త్రీ వెనక పిడి. వీధిలోకి దిగారు. నాలుగడుగులు వేసేసరికి పెట్టెలోంచి డొర్రుమని ఏదో దొర్లిన చప్పుడు. దూది దాన్ని కాలితో తన్నినట్టుంది, మళ్ళీ డొర్రుమంది.

"దూదీ, లోపల ఏం దొర్లుతోందో మీ నాన్నగారిని అడుగు" అన్నాడు బావమరిది వెనక్కి తిరగకుండా.

మేస్త్రీకి చప్పుడూ వినబడలేదు, ప్రశ్నా వినబడలేదు. ఊరేగింపులో నడుస్తున్నట్టు తల ఎత్తుకుని నడుస్తున్నాడు. బావమరిది రెండుసార్లు అడిగి, 'ఎంత పొగరు!' అని పళ్ళు నూరుకున్నాడు.

మలుపు దగ్గర అసలు తమాషా మొదలైంది. "అమ్మా, కుడికి తిరగాలని మీ మామయ్యకి చెప్పు" అంటాడు వెనకాయన. "అడ్డంగా సైకిలుందని మీ నాన్నకి చెప్పు" అంటాడు ముందువాడు. ఈయనకది వినబడదు, తోసుకుపోతాడు. పెట్టె వెళ్ళి సైకిలుకి కొట్టుకుంది. సైకిలు వెళ్ళి పూలకుండీ మీద పడింది. కిటికీలోంచి ఒకావిడ "పెట్టెతో మాట్లాడేది చాలు, కళ్ళు పెట్టుకుని నడవండి!" అని కేకేసింది. ఆ కేక ఇద్దరికీ వినబడింది.

ఆసుపత్రి వరండాలో ఒక పెద్ద కుక్క గొలుసు తెంపుకునేలా మొరుగుతోంది. ఆ అరుపుకి పక్క బుట్టల్లోని పిల్లులన్నీ వణికిపోతున్నాయి. దూది చిల్లులోంచి కుక్కని చూసి, ఓసారి ఒళ్ళు విరుచుకుని పడుకుంది. "మాది దేనికీ బెదరదు" అని మేస్త్రీ పక్కవాళ్ళకి చెప్పాడు.

డాక్టరమ్మ లోపలికి పిలిచింది. చిన్న మనిషే, కానీ చూపు సూటిగా ఉంది.

"దీన్ని ఎవరు చూసుకుంటారు?"

"దూదీ, మీ నాన్న అని చెప్పమ్మా" అన్నాడు మేస్త్రీ.

"దూదీ, పెట్టేది అత్తయినా ఎత్తేది మామయ్యని చెప్పు" అన్నాడు బావమరిది, కోపంలో వరసలు కూడా కలగాపులగం చేస్తూ.

డాక్టరమ్మ ఈయన్నీ, వాణ్ణీ, పెట్టెనీ మార్చి మార్చి చూసింది. పెట్టె మూత తీసింది. దూదితోపాటు పెంకు సగం ఊడిన గుడ్డొకటి బయటికి దొర్లింది.

"ఇదేమిటి?"

మేస్త్రీ నిటారుగా నిలబడ్డాడు. "మీరే కదండీ పెట్టమన్నారు. పాత గుడ్డు."

"పాత గుడ్డండీ. గుడ్డ! బట్ట!" అంది డాక్టరమ్మ.

మేస్త్రీ మొహం కందగడ్డలా అయింది. బావమరిది నవ్వడానికి నోరు తెరిచి, ఏదో తట్టినట్టు నవ్వకుండానే మూసేశాడు. గుడ్డునీ, బావనీ చాలాసేపు చూశాడు. గుమ్మంలోంచి తను అరిచిన అరుపు, బావ ఊపిన తల, వీధిలో జవాబు రాని ప్రశ్నలు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టున్నాయి వాడికి.

డాక్టరమ్మ దూది పళ్ళు చూసింది, పొట్ట నొక్కింది, గుండె వింది. తర్వాత దాని వెనక వేళ్ళతో చిటికె వేసింది. దూది గోడ మీది బల్లిని చూస్తోంది. ఇంకో చిటికె, ఆపైన చప్పట్లు. చివరికి ఇనుప పళ్ళెం తీసి దాని వెనగ్గా నేల మీద పడేసింది. మేస్త్రీ కూడా ఉలిక్కిపడ్డాడు. దూది మాత్రం బల్లినే చూస్తోంది.

"పిలిస్తే పలుకుతుందా?" అని అడిగింది డాక్టరమ్మ.

"పలకడమేమిటండీ, చెప్పిందల్లా వింటుంది" అన్నారు ఇద్దరూ ఒక్కసారే. "మా దుకాణంలో రంపం మిషను మోగుతున్నా బెదరదు" అని మేస్త్రీ కలిపాడు.

"దీనికి ఏమీ వినబడదండీ. పుట్టుకతోనే చెవుడు. నీలి కళ్ళున్న తెల్ల పిల్లుల్లో అప్పుడప్పుడూ ఉండేదే. మిగతా అంతా భేషుగ్గా ఉంది. వీధిలోకి వదలకండి. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్ళి, మొహం కనబడేలా నిలబడండి. మీ దుకాణంలో మిషన్లు ఉన్నాయంటున్నారు, అవి వేసేముందు ఇది ఎక్కడుందో ఒకరు చూసి తీరాలి. చెవిటిదవడం దాని తప్పు కాదు కదా, కనిపెట్టి ఉంటే చాలు, హాయిగా బతుకుతుంది."

టీకా వేసింది. దూది ఒక్కసారి 'మ్యా' అంది.

తిరుగు దారిలో పెట్టె ఇంకా బరువెక్కినట్టుంది. మేస్త్రీ మనసులో ఒకటే రొద. ఇన్నాళ్ళూ చెప్పినవి ఎవరికి చెప్పినట్టు? తప్పు నాదేనని, పోవద్దని చెప్పిన మాట ఎక్కడికి పోయినట్టు? ఆ మాట చేరనే లేదు. చేరని మాటకి వాడు జవాబివ్వలేదని నిన్నంతా వాడి మీద మండిపడ్డాడు తను. వాడేమో ఎల్లుండి వెళ్ళిపోతున్నాడు.

మలుపు వచ్చింది. "దూదీ, మీ మామయ్యకి..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ముందువాడూ ఆగాడు. ఇద్దరూ పెట్టెని ఒక మూసిన కొట్టు అరుగు మీద దించి, దానికి చెరోపక్కన కూలబడ్డారు.

బావమరిది పెట్టె చిల్లుల్లోకి చూస్తూ ఏదో గొణిగాడు. వాడు కూర్చున్నది ఎడమవైపు. మేస్త్రీ అలవాటు కొద్దీ తలూపబోయాడు. సగంలో మెడ బిగబట్టి, వాడి వైపు పూర్తిగా తిరిగాడు.

"ఏమన్నావు?"

ఎన్నాళ్ళకో అడిగిన ప్రశ్న అది. బావమరిది తలెత్తి చూశాడు.

"వినబడలేదురా" అన్నాడు మేస్త్రీ. "ఈ ఎడమ చెవి పోయింది. ఆ రోజు నువ్వు గుమ్మంలోంచి అరిచిందీ వినబడలేదు. మళ్ళీ అడగడానికి సిగ్గేసి తలూపేశాను. కొలత నువ్వు సరిగ్గానే తెచ్చావు. తప్పంతా నాది. టీచరమ్మ దగ్గరికి వెళ్ళి నేనే చెప్తాను. నువ్వు మాత్రం పోకురా."

బావమరిది కాలి బొటనవేలితో నేల గీశాడు. వాడి కళ్ళు చెమర్చాయి. అది దాచుకోవడానికి గట్టిగా కసిరాడు.

"నేనన్నది అదే! మనిషివి నోరు తెరిచి ఒక్కసారి ఉండమంటే ఉండనా అన్నాను! ఉండక ఎక్కడికి పోతాను? చెవిటివాళ్ళిద్దర్నీ అక్క ఒక్కతే ఎక్కడ కాసుకు చస్తుంది?"

"అరవకు, ఇలా ఎదురుగా ఉంటే బాగానే వినబడుతుంది" అన్నాడు మేస్త్రీ ముక్కు ఎగబీలుస్తూ.

లేచారు. బావమరిది ముందు పిడి పట్టుకున్నాడు గానీ, ఈసారి వీధికి వీపు పెట్టి, బావకి ఎదురుగా తిరిగాడు. అలాగే వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ, ఇన్నాళ్ళూ దాచుకున్న తిట్లన్నీ పెదాలు స్పష్టంగా కదిలేలా ఒక్కొక్కటే మొదలుపెట్టాడు. ఎదురొచ్చేవాళ్ళు పక్కకి తప్పుకుని చూస్తున్నారు. మేస్త్రీకి ఒక్క తిట్టూ పొల్లుపోకుండా వినబడుతోంది. ఇంత హాయిగా తిట్లు తిని ఎన్నాళ్ళయిందో!

"ఆగాగు, వెనక మెట్టుంది. ఎడమకి తిరుగు" అన్నాడు మధ్యలో.

"నీ ఎడమకా, నా ఎడమకా?"

"నీ ఎడమకేరా. నాది ఎలాగూ పనిచేయదు."